లెన్సు మీద పసుపు

నడిపయ్య శవాన్ని మొదట చూసింది భాగ్యవ్వ.

2008 మార్చి 13, గురువారం. మధ్యాహ్నం ఒంటిగంట ఇరవై అయిదు. ఆర్మూర్ మార్కెట్ యార్డులో, ప్రహ్లాద్ సేటు గోదాము పక్కన, పసుపు పాలిష్ పట్టే రేకుల షెడ్డు.

కరెంటు కోత వేళ. పాలిష్ డ్రమ్ము ఆగి ఉంది. దాని ఇనుప ఇరుసు పక్కన నడిపయ్య వెల్లకిలా పడి ఉన్నాడు. వయసు యాభై ఆరు. హమాలీల మేస్త్రీ. తల వెనక పగిలింది. నెత్తురు పసుపు పొడిలో ఇంకిపోయింది.

కాలుజారి ఇరుసు మీద పడ్డాడనుకున్నారంతా. దవాఖాన డాక్టరు కాదన్నాడు. ఛాతీ మీద రెండు వైపులా కమిలిన గుర్తులున్నాయి. ఎవరో ఎదురుగా నిలబడి రెండు చేతులతో బలంగా నెట్టారు.

పన్నెండు నలభైకి భాగ్యవ్వే అతనికి చెంబుతో నీళ్లిచ్చింది. అప్పటికి నిక్షేపంగా ఉన్నాడు. అంటే జరిగిందంతా నలభై అయిదు నిమిషాల్లో జరిగింది. పట్టపగలు. యార్డు నిండా జనం. అయినా ఎవరూ ఏమీ చూడలేదు. భోజనాల వేళ కదా, అందరి కళ్లూ ఎవరి గిన్నెలో వాళ్లకున్నాయి.

ఎస్సై భీమ్‌రావుకు ఈ కేసు మొదటి గంట నుంచే కంట్లో నలుసైంది. కానిస్టేబుల్‌గా చేరి, ఇరవై ఏడేళ్లకు ఎస్సై అయిన మనిషి. మోకాళ్ల నొప్పి. చత్వారం. ముక్కు మీద కోపం. ఈ మూడూ ఎండాకాలంలో ఒకేసారి ముదురుతాయి.

దొరికిన అనుమానితుడు ఒక్కడే. హమాలీ జయరాజ్.

బుధవారం సాయంత్రం జయరాజ్ మేస్త్రీతో గొడవపడ్డాడు. వారం దాకా లారీ లోడు పనికి రావద్దన్నాడట మేస్త్రీ. నీ సంగతి చూస్తానన్నాడట జయరాజ్. విన్న పదిమందీ పది రకాలుగా చెప్పారు. కానీ పదిమందీ చెప్పారు.

ఆ ముప్పావు గంట ఎక్కడున్నావని భీమ్‌రావు అడిగాడు.

"బస్తాల మీద పండుకున్న సారు. గా ఎడమ దిక్కు రేకుల కింద."

"ఎవలు చూసిండ్రు?"

"పండుకున్నోన్ని ఎవలు చూస్తరు సారు?"

ఆ జవాబు భీమ్‌రావుకు నచ్చలేదు. అది నిజంలా ఉండటం ఇంకా నచ్చలేదు. శనివారం సాయంత్రం ఆరుకి, సీఐ ఫోను మీద ఫోను చేస్తుంటే, జయరాజ్‌ను అరెస్టు చేసి లాకప్‌లో పెట్టాడు.

ఆదివారం ఉదయం పది నలభైకి సీఐ మళ్లీ ఫోను చేశాడు. సాయంత్రం ఆరు లోపల నిందితుణ్ని మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, రిమాండు రిపోర్టు తయారైందా అని అడిగాడు. అవుతోందన్నాడు భీమ్‌రావు. ఒక్క వాక్యం కూడా రాయలేదు. రాద్దామని కూర్చుంటే కలం ముందుకు పోవడం లేదు.

కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. గేటు పక్కన జయరాజ్ భార్య రూత్ కూర్చుని ఉంది. ఆ రోజు మట్టల ఆదివారం. చర్చి నుంచి నేరుగా వచ్చేసింది. ఒక చేతిలో ఈత మట్ట, ఇంకో చేతిలో టిఫిన్ డబ్బా. ఏడవడం లేదు. ఎవరినీ ఏమీ అడగడం లేదు. అలా కూర్చుని స్టేషన్ గుమ్మం వైపు చూస్తోంది.

ఏడిస్తే కసిరి పంపేయొచ్చు. ఊరికే చూసే మనిషిని ఏం చేస్తాం? భీమ్‌రావు కిటికీ తలుపు ఒకటి మూశాడు. ఉక్కపోసింది. మళ్లీ తెరిచాడు.

"భోజన్నా, గా సీడీ పెట్టు."

కానిస్టేబుల్ భోజన్న నిట్టూర్చాడు. అది సీడీ కాదు, డీవీడీ. ఈ మూడు రోజుల్లో పెట్టడం అది నలభై ఒకటోసారి.

ఆ ఫిల్ము కథ ఇదీ. కొత్త గోదాము ప్రారంభోత్సవంలో చూపించాలని ప్రహ్లాద్ సేటు ఒక ఫిల్ము తీయించాడు. పసుపు మార్కెట్లో ఒక రోజు ఎలా గడుస్తుందో రెండున్నర నిమిషాల్లో కనిపించాలి. తీసింది బస్టాండు దగ్గరి స్టూడియో ఓనరు గంగాకిషన్. మార్కెట్ ఆఫీసు మిద్దె మీద మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, డిజిటల్ కెమెరా బిగించాడు. పొద్దున ఏడు నుంచి, పది సెకన్లకొక ఫొటో. ఆ ఫొటోలన్నీ గబగబా వరసగా తిప్పితే సినిమా. నలభై అయిదు నిమిషాలు పదకొండు సెకన్లలో పరుగెత్తిపోతాయి.

ఫిల్ము మొదలైంది. యార్డు నిండా పొద్దుటి నీడలు. ఆటోలు చీమల్లా వచ్చాయి. పసుపు రాశులు పుట్టల్లా లేచాయి. ఆలూర్ బండ్లు, నందిపేట్ బండ్లు. కొనేవాళ్లు కొమ్ములు విరిచి లోపలి రంగు చూసి పారేస్తున్నారు.

మధ్యాహ్నం వచ్చేసరికి బొమ్మ దగ్గరికి జరిగింది. రాశులు పెద్దవయ్యాయి. అక్కణ్నుంచి మెల్లగా ఎడమ నుంచి కుడికి తిరిగింది. రాశుల మీదుగా, సగం తిన్న అన్నం గిన్నెల మీదుగా, నీళ్ల ట్యాంకు దాకా. అక్కడ ఆగింది. పాలిష్ షెడ్డు ట్యాంకుకు ఇంకా కుడిపక్కన ఉంది. అది కనిపించలేదు. జయరాజ్ పడుకున్నానన్న రేకులు ఇంకా ఎడమపక్కన ఉన్నాయి. అవీ కనిపించలేదు.

కావాల్సినవి రెండూ తప్ప ఊరంతా కనిపించే ఫిల్ము అది. చూసిన ప్రతిసారీ భీమ్‌రావుకు టీవీని ఎత్తి బయట పారేయాలనిపించేది.

నిజానికి అతను మొదట అనుమానించింది గంగాకిషన్‌నే. మిద్దె వెనక మెట్లున్నాయి. దిగితే రెండు నిమిషాల్లో పాలిష్ షెడ్డు. మిద్దె మీద ఒంటరిగా ఉన్నాడు. పన్నెండున్నరకు సేటు కొడుకు ఆశిష్ అన్నం తెచ్చిచ్చి వెళ్లాడు. ఒంటిగంటన్నరకు గోల విని గంగాకిషన్ మెట్లు దిగి వచ్చాడు. మధ్యలో సాక్షి లేడు.

సాక్షి ఉన్నాడన్నాడు గంగాకిషన్. ఈ ఫిల్మే.

"చూడుండ్రి సార్. కెమెరా తిరుగుతున్నదా లేదా? దానంతటది తిరుగుతదా? ఫొటో పడంగనే ఇంతంత తిప్పాలె. ఎంటికె వాసంత. మల్ల పది సెకన్లకు ఇంకింత. నేను రెండు నిమిషాలు పక్కకు పోయిన్నంటే బొమ్మ గక్కడ్నే ఆగుతుండె, మల్ల దుంకుతుండె. ఏడన్న దుంకిందా?"

ఎక్కడా దూకలేదు. నూనె పోసినట్టు జారింది. డీఎస్పీ ఆఫీసులో కంప్యూటర్లు తెలిసినాయన కూడా చూసి, చేయి తిరిగిన పని అని మెచ్చుకున్నాడు. మెచ్చుకుని టీ తాగి పోయాడు.

ఫిల్ము అయిపోయింది. భీమ్‌రావు టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. గేటు దగ్గర రూత్ లేచి నిలబడింది. అతను ఆమె వైపు చూడకుండా జీపెక్కాడు.

11:35. పాలిష్ షెడ్డు.

ఆదివారం, మార్కెట్‌కు సెలవు. ప్రహ్లాద్ సేటు మాత్రం గోదాము అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పలకరిస్తే చాలు, తన బాధ మొదలుపెట్టాడు. ఫిల్ము దండగైందన్నాడు. తన గోదాము, తన షెడ్డు చూపించమని తీయిస్తే, పొద్దున పూట తప్ప తర్వాత తన షెడ్డు మచ్చుకైనా లేదన్నాడు. ఊరందరి రాశులూ చూపించి, సేటు సరుకు పాలిషయ్యే చోటు వదిలేస్తాడా అన్నాడు.

భీమ్‌రావు చిరాగ్గా తలూపాడు. మనిషి పోయి తను ఏడుస్తుంటే, ఫిల్ములో షెడ్డు పోయిందని సేటు ఏడుస్తున్నాడు.

భాగ్యవ్వ షెడ్డు వెనక నల్లా దగ్గర కూర్చుని ఉంది. పసుపు ఏరే పని ఆమెది. గురువారం చెప్పిందే మళ్లీ చెప్పింది. చెంబుతో నీళ్లిచ్చాను, తాగాడు, పోయాను. ఆ రోజు నడిపయ్య ఇంకేమైనా అన్నాడా అని అడిగాడు. అన్నాడంది. అదీ గురువారమే చెప్పాను, ఎవరూ రాసుకోలేదంది.

"నల్లా కాడికి పోకుండ్రి, తానాలు ఇంటికి పోయి చెయ్యుండ్రి అన్నడు. మా ఆడోళ్లందరికి చెప్పిండు."

"ఎందుకన్నడు?"

"చెప్పలే. మస్తు కోపం మీదున్నడు."

పసుపు పనిచేసే ఆడవాళ్లు మధ్యాహ్నం ఆ నల్లా దగ్గరే, తడికెల చాటున ఒళ్లు కడుక్కుంటారు. పసుపు దుమ్ము ఒంటి మీద ఎండితే మంట. ఏళ్లుగా ఉన్న అలవాటు. దాన్ని ఆ రోజే ఎందుకు మాన్పించాడు? భీమ్‌రావు తల పైకెత్తాడు. తడికెల పైనుంచి, యార్డుకు అవతల, మార్కెట్ ఆఫీసు మిద్దె కనిపించింది.

ఏదో తట్టబోయింది. అంతలో గాలి వీచింది. డ్రమ్ము కింద పేరుకున్న పసుపు పొడి లేచి మొహాన కొట్టింది. కళ్లద్దాలు తీసి, చెమట పట్టిన బొటనవేలితో తుడిచాడు. అద్దం మీద పసుపు మరక పరుచుకుంది. తట్టబోయింది కాస్తా పోయింది. తిట్టుకుంటూ జీపెక్కాడు.

12:20. స్టేషన్.

నలభై రెండోసారి. భోజన్న ఈసారి నిట్టూర్చలేదు. అలవాటైపోయింది.

బొమ్మ దగ్గరికి జరిగింది. కుడికి తిరిగింది. నీళ్ల ట్యాంకు వచ్చింది. ట్యాంకు పైన ఆకాశంలో చిన్న పసుపు మసక. కళ్లద్దాల మీది మరకే అనుకుని, భీమ్‌రావు అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. కుడి అద్దం తేటపడింది. ఎడమ అద్దం ఇంకా పాడైంది. టీవీలో మసక మాత్రం అక్కడే ఉంది.

అది ఫిల్ములోనే ఉంది. కెమెరా లెన్సు మీద పసుపు పడిందన్నమాట. ఆ మార్కెట్లో పసుపు పడని వస్తువేముంది?

గుమ్మం దగ్గర చప్పుడైంది. భీమ్‌రావు తల తిప్పాడు. రూత్ టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. మొగుడికి అన్నం పెట్టవచ్చా అని అడిగింది. ఎడమ అద్దం మీది మరక ఆమె మొహాన్ని కప్పేసింది. పెట్టమన్నాడు. ఆమె లోపలికి నడిచింది. అతను తల తిప్పి గోడ చూశాడు. మరక గోడ మీదికి వచ్చింది. గడియారం చూశాడు. మరక గడియారం మీదికి వచ్చింది.

భీమ్‌రావు కుర్చీలోంచి లేచాడు.

తల ఎడమకు తిప్పాడు. కుడికి తిప్పాడు. మళ్లీ ఎడమకు. భోజన్న బిత్తరపోయి, మంచినీళ్లు కావాలా సార్ అన్నాడు.

"నా అద్దం మీద మరక ఉన్నది. నేను ఎటు చూస్తే గటే వస్తున్నది. అవునా?"

"అవును సార్."

"కెమెరా అద్దం మీద మరక ఉన్నది. కెమెరా తిరిగితే మరకేం కావాలె?"

భోజన్న ఆలోచించాడు. "గదీ ఎంబడే రావాలె."

"పెట్టు. మల్ల పెట్టు."

నలభై మూడోసారి. బొమ్మ తిరగడం మొదలైనప్పుడు మరక లేదు. ట్యాంకు కుడి అంచు నుంచి వచ్చింది. దాని నెత్తి మీద కూర్చుని మరకా వచ్చింది. ట్యాంకు ఎటు జరిగితే మరకా అటే జరిగింది, దానికి అతికించినట్టు. అంటే లెన్సూ యార్డూ ఒకదానికొకటి కదలలేదు. కెమెరా తిరగనే లేదు.

మరి తిరిగిందేమిటి?

భీమ్‌రావు ఫైలు లాగాడు. స్టూడియో వాళ్ల వాంగ్మూలాలు రెండున్నాయి. ఒకటి గంగాకిషన్‌ది, నాలుగు పేజీలు. రెండోది కంప్యూటర్ మీద పనిచేసే స్నేహది, అయిదు లైన్లు. భోజన్న రాసింది. అందులో మూడో లైను చదివి భీమ్‌రావు శుక్రవారమే నవ్వుకున్నాడు కూడా: 'గురువారం సాయంత్రం ఆరు గంటలకు సార్ చెప్పగా పాన్ వేసుకున్నాను. తర్వాత జర్దా వేసుకున్నాను.'

"భోజన్నా, గా పిల్ల పాన్ తింటదా?"

"ఏమో సార్. చూస్తే తినేటట్టు లేదు."

"మరి గిట్లెట్ల రాసినవ్? గామె అన్న మాట అన్నట్టు చెప్పు."

భోజన్న గోడ వైపు చూస్తూ గుర్తు చేసుకున్నాడు. "'సార్ చెప్పినట్టు పాన్ వేసిన, జూమ్ వేసిన' అన్నది సార్. జూమ్ అంటే జర్దాల కొత్త రకం కావచ్చనుకున్న. పేరు సరిగ తెల్వక జర్దా అని రాసిన."

భీమ్‌రావు తిట్టడానికి నోరు తెరిచాడు. ఎవరిని తిట్టాలి? ఆ లైను తను కూడా చదివాడు. చదివి నవ్వాడు.

స్నేహ ఊరు నందిపేట్. సెలవని ఇంట్లో ఉంది. ఫోనులో భీమ్‌రావు ఒకే ప్రశ్న అడిగాడు. పాన్ అంటే ఏమిటమ్మా?

ఆమె ఓపిగ్గా చెప్పింది. కెమెరాలో పడే ఫొటో చాలా పెద్దది. టీవీలో పట్టేది దాంట్లో చిన్న ముక్క. ఊరంత బొమ్మ మీద అగ్గిపెట్టె డొప్ప పెట్టి, డొప్పలోంచి చూసినట్టు. డొప్పను పక్కకు జరిపితే పాన్. చిన్న డొప్ప పెట్టి, కనిపించిన ముక్కను టీవీ నిండా సాగదీస్తే జూమ్. అంతా కంప్యూటర్లోనే. ఫొటోలు పెద్దవి కాబట్టి ఎంత దగ్గరికి లాగినా చెదరవు.

"కెమెరా కదల్లే సార్. కదిపింది నేను."

"డొప్ప ఎక్కడ పెట్టాల్నో ఎవలు చెప్పిండ్రు?"

గంగాకిషన్ సారే వెనక నిలబడి వేలు పెట్టి చూపించారంది. కెమెరా ఆయనది, మౌసు నాది అంది. కుడిపక్క షెడ్డు వదిలేస్తే సేటు ఊరుకోడని తను అంటే, చెప్పింది చెయ్యమని కసిరారట. ఆ రాత్రే ఫొటోలన్నీ కంప్యూటర్లోంచి తీసేశారట.

భీమ్‌రావు కుర్చీ అంచుకు జరిగాడు. "అన్నీ తీసేసిండా?"

సార్‌కు చెప్పనంటే చెబుతానంది. కరెంటు కోతలకు కంప్యూటర్ ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు. అందుకని ఏ పనైనా, మొదలుపెట్టక ముందే ఫొటోలన్నీ డిస్కుల్లోకి రాసుకోవడం ఆమె అలవాటు. డిస్కులు దండగ చేస్తున్నావని ఆయన తిడతాడు. అందుకని చెప్పకుండా రాసి, తన సంచిలో వేసుకుంటుంది. ఆ సంచి ఇప్పుడు ఇంట్లోనే, మేకుకు వేలాడుతోంది.

జీపు పంపిస్తే ఊరంతా చూస్తుంది, వద్దంది. మూడుంబావుకి షేరింగ్ ఆటో దిగింది. సంచిలో మూడు డిస్కులు.

4:30. స్టేషన్ గది.

ప్రహ్లాద్ సేటు, ఆశిష్, గంగాకిషన్ బెంచీ మీద వరసగా కూర్చున్నారు. భాగ్యవ్వ గోడ పక్కన నిలబడింది. రూత్‌ను భీమ్‌రావే లోపలికి పిలిపించాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. సీఐ వచ్చి, గడియారం చూసుకుని, గంటన్నర ఉంది అన్నాడు.

గంగాకిషన్ నలభై ఏళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మాట. స్నేహను చూడగానే చేతిలో సెల్‌ఫోను జేబులో పెట్టుకున్నాడు.

భీమ్‌రావు ముందు ఫిల్ము వేశాడు. మరక చూపించాడు. తన కళ్లద్దాలు సీఐ చేతికిచ్చి, పెట్టుకుని తల తిప్పమన్నాడు. సీఐ మొహం చిట్లించి పెట్టుకున్నాడు. తిప్పాడు. రెండోసారి తిప్పేసరికి మొహం మారింది.

"కెమెరా కదల్లేదు గంగాకిషన్. కదలని కెమెరాను ముప్పావు గంట ఎట్ల తిప్పినవ్?"

గంగాకిషన్ మాటలో తప్పు దొర్లిందన్నాడు. తిప్పలేదు సరే, పక్కనే కూర్చున్నానన్నాడు. తిప్పానంటే పని గొప్పగా ఉంటుందని అన్నానన్నాడు. చిన్న అబద్ధం, కోతలు కోశాను, అంతే అన్నాడు. "పక్కకైతె పోలే సార్."

"స్నేహా, పూర ఫొటో తియ్యమ్మా. పన్నెండు యాభై ఎనిమిదిది."

స్టేషన్ కంప్యూటర్ ముసలిది. అంత పెద్ద ఫొటో దానికి మింగుడు పడలేదు. బొమ్మ పైనుంచి కిందికి, పట్టీలు పట్టీలుగా తెరుచుకోసాగింది. ముందు ఆకాశం. పసుపు మరక. ట్యాంకు నెత్తి. కుడి అంచున షెడ్డు రేకులు. షెడ్డు గుమ్మం. గుమ్మంలో ఒక తల, గోరంత.

"జూమ్ వెయ్యి."

భోజన్న తల దించుకున్నాడు.

గోరంత తల చెయ్యంత అయింది. ఫొటో చెదరలేదు. ఇస్త్రీ చొక్కా. గంగాకిషన్. షెడ్డులోంచి బయటికి వస్తూ, మొహం పైకెత్తి నేరుగా కెమెరాలోకి చూస్తున్నాడు.

ఎందుకు చూశాడో అతనికే తెలియాలి. ఇరవై ఏళ్లుగా కెమెరాను చూసుకుంటూ బతికినవాడు. లైటు మెరుస్తోందా, ఫొటోలు పడుతున్నాయా అని అలవాటుగా చూసి ఉంటాడు. పడ్డాయి.

"నువ్వు మిద్దె మీద కెమెరా ఎనక ఉన్ననంటివి," అన్నాడు భీమ్‌రావు. "మరి గిది ఎవలు?"

కెమెరాలో టైము తప్పయి ఉండొచ్చని గంగాకిషన్ గొణిగాడు. స్నేహ అడగకుండానే ఇంకో ఫొటో తెరిచింది. ఒంటిగంట ఇరవై అయిదు. అదే గుమ్మంలోంచి భాగ్యవ్వ రెండు చేతులూ పైకెత్తి పరుగెత్తుకొస్తోంది. కెమెరా గడియారం నిమిషం కూడా తప్పలేదు.

గోరంత తల చెయ్యంత కావడం చూసిన భాగ్యవ్వ గోడ పక్కనుంచి అడిగింది. "నల్లా కాడ మమ్ముల ఫొటోలు తీసినవా?"

ఆ ప్రశ్నతో అంతా అయిపోయింది. గంగాకిషన్ ముక్కలు ముక్కలుగా ఒప్పుకున్నాడు. మంగళవారం మిద్దె మీద కెమెరా పెట్టి చూస్తున్నప్పుడు తీశాడు. అంత దూరం నుంచి మొహాలు కూడా తేటగా వచ్చాయి. కెమెరా వెనక తెర మీద పెద్దవి చేసి చూసుకుంటుంటే, మిద్దె మీదికి కరెంటు వైరు ఇవ్వడానికి వచ్చిన నడిపయ్య కంటబడింది. రెండు రోజులు మింగలేక కక్కలేక ఉన్నాడు ఆ పెద్దమనిషి. గురువారం మధ్యాహ్నం గంగాకిషన్ బతిమాలడానికి దిగి వెళ్లాడు. శుక్రవారం హమాలీ సంఘంలో అందరి ముందూ చెబుతానన్నాడు నడిపయ్య. అంతే, నెట్టాడు. చంపాలని కాదన్నాడు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

భీమ్‌రావుకు సంతోషం కలగాలి. కలగలేదు. మూడు రోజులు నలభై మూడుసార్లు చూసింది ఎవరో గీసిచ్చిన చిన్న డొప్పలోంచి. డొప్ప బయట ఏముందని ఒక్కసారి అడగలేదు. ఆ కోపంతోనే స్నేహతో, ఎడమ అంచు చూపించమన్నాడు.

రేకుల కింద బస్తాలు. బస్తాల మీద ఒక మనిషి, చేతులు నెత్తి కింద పెట్టుకుని నిద్ర. జయరాజ్. పన్నెండు నలభైకి అక్కడే ఉన్నాడు. యాభైకి, ఒంటిగంటకు, ఒంటిగంట ఇరవైకి అక్కడే. మొత్తం రెండువందల డెబ్బై ఫొటోలు. రేకుల నీడ అతని కాళ్ల మీదినుంచి మెల్లగా నడుం దాకా వచ్చింది. ఒక్కసారి పక్కకు దొర్లాడు. అంతకంటే ఆ ముప్పావు గంటలో అతను చేసిన పని లేదు.

రూత్ కంప్యూటర్ దగ్గరికి వచ్చింది. వంగి తెరలోకి చూసింది. పొద్దుటి నుంచి గేటు దగ్గర కూర్చున్నంత సేపూ తడవని కళ్లు ఇప్పుడు తడిశాయి. తెర మీద మొగుడి కాలి దగ్గర వేలు పెట్టి, వెంటనే తీసేసింది.

5:40. సీఐ రిమాండు రిపోర్టులో పేరు మార్పించి వెళ్లిపోయాడు. లాకప్ తలుపు తెరిచారు. జయరాజ్ బయటికి వచ్చి, ఏం జరిగిందో తెలియక, ముందు భార్య వైపూ తర్వాత ఎస్సై వైపూ చూశాడు. ఎడమ చెంప వాచి ఉంది. అది ఎవరి చెయ్యో గదిలో అందరికీ తెలుసు. రూత్ తన చేతిలోని ఈత మట్ట అతని చేతికిచ్చింది.

భీమ్‌రావు తప్పైపోయింది అనాలనుకున్నాడు. ఇరవై ఏడేళ్ల నౌకరీలో ఎప్పుడూ అనని మాట.

"ఏమన్న కావాల్నా అమ్మా? జీపుల దింపిస్త."

జీపు వద్దంది రూత్. రెండడుగులు వేసి ఆగింది.

"గా పండుకున్న ఫొటో ఒకటి కడిగిచ్చి ఇయ్యుండ్రి సారు."

"ఇస్త. ఎందుకమ్మా, కేసు అయిపాయె కద?"

"గీ కేసైతె అయిపాయె," అంది రూత్. "మల్ల ఎప్పుడన్న మీరు వస్తే చూపెట్టనీకె సారు."

ఆమె మొగుడి చెయ్యి పట్టుకుని గేటు దాటింది. భీమ్‌రావు కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఎంత తుడిచినా ఎడమ అద్దం మీద పసుపు పోలేదు.